సవరణ చీటీ

ఆ పేటలో టీచర్ల పరీక్షకు కూర్చునే పిల్లలు ముందు నోట్సక్కని తలుచుకుని, తర్వాత తీరిక దొరికితే దేవుణ్ణి తలుచుకునేవారు. చరిత్ర, సైన్సు, అర్థశాస్త్రం, సాహిత్యం, భాష. ఐదు సబ్జెక్టులు, ఐదు లావుపాటి నోటుపుస్తకాలు. పాఠ్యపుస్తకం నలభై పేజీల్లో సాగదీసిన సంగతిని ఆవిడ నాలుగు పేజీల్లోకి దింపేది. గుర్తుంచుకోవాల్సిన మాట కింద ఎర్రగీత, తేదీల చుట్టూ నీలిరంగు గడి, పేజీ అడుగున "ఇది తప్పక అడుగుతారు" అని ఓ హెచ్చరిక. అడిగేవాళ్ళు కూడా. ప్రశ్నపత్రం తయారుచేసే మహానుభావులు సైతం ఈవిడ నోట్సు చూసే తయారుచేస్తున్నారని పిల్లలు జోకులేసుకునేవాళ్ళు.

ఆ నోట్సు దొరికేది ఒక్కచోటే. కాలేజీ గోడవారగా రెండు పాత మిషన్లు పెట్టుకున్న జిరాక్సు బాబాయి దగ్గర. చెవిమీద పెన్ను, వేళ్ళకి నల్లపొడి, నోటికి అడ్డూ ఆపూ లేదు. ఎవరైనా "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి బాబాయ్" అంటే, "ముత్యాలు ఏరుకుంటూ కూర్చోకురా, చదువు" అని కసిరేవాడు.

ఇంతమందిని గట్టెక్కించిన నోట్సక్క మాత్రం ఆ పరీక్ష రాయనేలేదు. రాయాల్సిన ఏడాదే ఆవిడ సొంత అక్క ఆసుపత్రిలో చేరింది, ఇంక ఇంటికి రాలేదు. అక్క కూతురు నాలుగేళ్ళది వచ్చి చెల్లెలి ఒళ్ళో పడింది. పిల్ల తండ్రి అప్పటికే ఏ గంగలో కలిశాడో ఎవరికీ తెలీదు. పసిదాన్ని పెట్టుకుని ఇంటిపట్టున చేసుకునే పనేముంది? తనకోసం రాసుకున్న నోట్సే ఉంది. అలా మొదలై పదిహేనేళ్ళు గడిచాయి.

పిల్లని ఎలుక అనేవారు. పాకే వయసులో పుస్తకాల అంచులు కొరుకుతుంటే తల్లి పెట్టిన ముద్దుపేరు అది. పెద్దయ్యాక కొరకడం మానేసిందిగానీ, పుస్తకాన్ని వదల్లేదు. ఏది చదివినా నమ్మకం కుదరని చోట పక్కన పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టేది. బళ్ళో టీచర్లకి ఆ గుర్తులంటే ఒళ్ళుమంట. నోట్సక్కకి మాత్రం లోపల్లోపల మురిపెం.

ఇంకో అలవాటు కూడా ఉండేది దానికి. ఎంత చిన్న పరీక్షైనా సరే, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి "చెప్పు పిన్నీ" అనేది. ఏం చెప్పాలో పిన్నికి తెలుసు.

"ఆఖరిరోజు మీ అమ్మ కళ్ళు తెరిచి, 'ఎలుక అన్నం తిన్నదా?' అనడిగిందే. ఆ తర్వాత ఇంకేం మాట్లాడలేదు."

ఆ ఒక్క మాట విని, తల ఊపి, వెళ్ళిపోయేది. తల్లి మొహం కూడా సరిగ్గా గుర్తులేని పిల్లకి తల్లి అంటే ఆ మాటే.

ఇక బోర్డు మాస్టారి సంగతి. ట్యుటోరియల్ కాలేజీ నడిపే పెద్దమనిషి. పేటలో కరెంటు స్తంభాలెన్నో ఆయన బోర్డులన్ని. ప్రతి బోర్డుమీదా కోటు తొడుక్కుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, దేన్నిగురించో దీర్ఘంగా ఆలోచిస్తూ ఓ ఫోటో. ఏమి ఆలోచిస్తున్నాడో ఓ రోజు నోట్సక్కకి తెలిసిపోయింది. ట్యుటోరియల్ పుస్తకం ఒకటి ఆవిడ చేతికొచ్చింది. తెరిస్తే ఏముంది! తన వాక్యాలే, తన ఉదాహరణలే. తను పొరపాటున రెండుసార్లు రాసిన పేరా కూడా బుద్ధిగా రెండుసార్లు అచ్చయింది. అట్టమీద మాత్రం ఆయనగారి గడ్డం, చెయ్యి.

వెళ్ళి అడిగితే ఆయన నవ్వాడు. "జ్ఞానం ఎవరి సొత్తమ్మా? అయినా, పాస్ కానివాళ్ళు రాసింది అంటే ఎవరు చదువుతారు? నా పేరుండబట్టి చదువుతున్నారు."

పాస్ కాకపోవడం కాదు, అసలు రాయలేదు. ఆ తేడా ఆయనకి చెప్పి ఏం లాభం? ఆ మాట ఆవిడ గుండెలో గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది.

మరుసటి ఏడు పుస్తకాలు తిరగరాసేటప్పుడు నోట్సక్క ఒక్కో సబ్జెక్టులో ఒక్కో అబద్ధం పెట్టింది. వాటిని ముళ్ళు అనేది. చరిత్రలో సంధి షరతులు నాలుగైతే, ఓడిన రాజు ఏటా వంద తెల్లగుర్రాలు పంపాలని ఐదోది కల్పించింది. సైన్సులో నీలం గాజు కింద విత్తనం మూడురోజులు ముందే మొలకెత్తుతుందని రాసింది. అర్థశాస్త్రంలో ధర పెరిగినా గిరాకీ తగ్గని సరుకుల జాబితాలో ఉప్పు, మందుల పక్కన గొడుగులు చేర్చింది. సాహిత్యంలో, పాఠంలో ఉన్న పడవవాడి కథకి ముగింపు వాక్యం ఒకటి సొంతంగా అల్లింది. భాషలో ఏకంగా ఓ సామెతే పుట్టించింది: "దీపం అరువిచ్చినవాడి గుమ్మం చీకటి". అర్థం కూడా రాసి కింద ఎర్రగీత కొట్టింది. ఏ మారుమూలో పెడితే ఎవరి కంటా పడదు కాబట్టి, తప్పక అడిగేచోటే పెట్టింది. ఆ పిల్లలందరూ ఒకే తప్పు రాస్తే బోర్డు మాస్టారి పరువు బజార్న పడాలి. అదీ ఆవిడ పంతం.

తన దగ్గర కొనుక్కునే పిల్లలకోసం గులాబీరంగు చీటీ ఒకటి తయారుచేసింది. పైన "సవరణలు" అని రాసి, కింద ఏ పేజీలో ఏ వరస కొట్టేయాలో, బదులుగా ఏం రాసుకోవాలో ఐదు ముక్కల్లో చెప్పింది. హాల్ టికెట్ చూపించిన పిల్లలకి బాబాయి ఆ చీటీని ఆఖరి పేజీకి పిన్నుకొట్టి, తేదీతో షాపు స్టాంపు వేసి ఇచ్చేవాడు. మాస్టారి గుమాస్తా ఏటా అదే టోపీ పెట్టుకొచ్చి "మా అమ్మాయికండీ" అని కొనేవాడు, పాపం పెళ్ళే కానివాడు. ఈసారి అతనికి మాత్రం చీటీ లేని కాపీ వెళ్ళింది.

బాబాయికి ఇది మొదట్నుంచీ నచ్చలేదు. "వాడిమీద కోపముంటే వాడి బోర్డుమీద పేడ కొట్టండమ్మా, నేనూ వస్తాను. పిల్లల నోట్లో మన్ను కొట్టడమేంటి?" అన్నాడు.

"సబ్జెక్టుకి ఒక్క మార్కు బాబాయ్. ఒక్క మార్కుకి ఎవరి కొంపా మునగదు" అంది నోట్సక్క.

ఎలుక ఆ ఏడే పరీక్షకు కట్టింది. రెండేళ్ళకోసారి వచ్చే పరీక్ష. పాసైతే శిక్షణ కాలేజీలో సీటు, ఆపైన టీచరుద్యోగం. పిన్ని వెళ్ళలేని గదిలోకి తను వెళ్ళాలని పిల్లకి పట్టుదల, దాన్ని పంపి తీరాలని పిన్నికి అంతకన్నా పట్టుదల. నోట్సక్క షాపునుంచి చీటీ ఉన్న కాపీ తెచ్చి బల్లమీద పెట్టి, "ఇది చదువుకోవే" అంది. ముళ్ళ సంగతి చెప్పలేదు. టీచరు కాబోయే పిల్లకి ఇలాంటి పాఠాలెందుకనుకుంది. నిజం చెప్పుకోవాలంటే, సిగ్గుపడింది.

పరీక్ష అయింది. పిల్ల నవ్వుకుంటూ వచ్చింది. "అన్నీ నువ్వు రాసినవే పిన్నీ! కళ్ళు మూసుకుని రాశాను" అంది. రెండునెలలు ఇద్దరూ గాల్లో తేలారు.

ఫలితాలకి బదులు ఉత్తరం వచ్చింది.

ఒకే కేంద్రంలో యాభైతొమ్మిది జవాబుపత్రాల్లో ఒకేరకం తప్పులు ఉన్నందున సామూహిక కాపీగా అనుమానించి ఫలితాలు నిలిపివేశారట. పదో తేదీన విచారణకి రావాలట. రుజువైతే జీవితంలో ఇక ఈ పరీక్ష రాయడానికి వీల్లేదట. కింద ఆ తప్పులు ఐదూ వరసగా అచ్చువేశారు. వంద తెల్లగుర్రాలు. నీలం గాజు. గొడుగులు. పడవవాడి మాట. దీపం అరువిచ్చినవాడి గుమ్మం.

"నేను తలెత్తలేదు పిన్నీ" అంది ఎలుక. పెదాలు పాలిపోయాయి. "పక్కన ఎవరు కూర్చున్నారో కూడా నాకు తెలీదు. నీమీదొట్టు. అయినా ఇవి తప్పులేంటి? ఇవన్నీ కరెక్టే కదా?"

నోట్సక్కకి అప్పటికీ ఏదో ఆశ. "నువ్వు... ఏ పుస్తకం చదివావే? షాపు కాపీ ఇచ్చానుగా?"

"అదా, దర్జీ మామయ్య కూతురికి ఆరోజే ఇచ్చేశాను. దానికి దొరకలేదని ఏడుస్తుంటే. మనింట్లో అసలు పుస్తకాలే ఉండగా నాకు జిరాక్సెందుకు?" పిల్ల మంచం కింది రేకుపెట్టె వైపు చూసింది. "నీ చేతిరాతలో చదువుతుంటే, నువ్వు పక్కన కూర్చుని చెప్తున్నట్టు ఉంటుంది."

పిల్ల నీళ్ళు తాగడానికి వెళ్ళాక నోట్సక్క పెట్టె తెరిచింది. ఐదు పుస్తకాలూ అంచులు మాసిపోయేదాకా చదివి ఉన్నాయి. ఒక్కచోట, ఒక్కచోటంటే ఒక్కచోట కూడా ప్రశ్నార్థకం లేదు. పక్కనే పాఠ్యపుస్తకం ఉంది. అందులో సంధి షరతులు నాలుగని అచ్చులో ఉన్నచోట మాత్రం పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి, పక్కన చిన్న అక్షరాలతో రాసుకుంది: "తప్పు. పిన్ని: ఐదు."

అయ్యో, అచ్చుపుస్తకాన్ని కాదని దీన్ని నమ్మిందే పిచ్చిపిల్ల! పదిహేనేళ్ళు పెంచిన చెయ్యే దాని నోట్లో మన్ను కొట్టింది.

బాబాయి అంతా విని, నడుస్తున్న మిషను ఆపేశాడు. "కంచే చేను మేసిందంటే ఇదేనమ్మా. జరిగిందేదో జరిగింది. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేయండి."

"చెప్తే అది మళ్ళీ నా మొహం చూస్తుందా బాబాయ్?"

"చెప్పకపోతే మీ మొహం మీరు చూసుకోగలరా?"

నోట్సక్క గిరుక్కున తిరిగి వచ్చేసింది. దారంతా ఆలోచించి, బుద్ధి గడ్డితిని, ఇంకో ఎత్తు వేసింది. ఇంటికొచ్చి పిల్లని కూర్చోబెట్టి, "ట్యుటోరియల్ పుస్తకం తెచ్చుకుని చదివానని చెప్పు. వాళ్ళంతా చదివిందీ అదే. అందరూ ఒకటే పుస్తకం చదివారు కాబట్టి ఒకటే తప్పు రాశారు, కాపీ కాదని తేలిపోతుంది" అంది.

"కానీ నేనది చదవలేదు కదా పిన్నీ?"

"చెప్పమన్నది చెప్పవే. నేను చెప్పింది ఎప్పుడైనా తప్పయిందా?"

ఎలుక అడ్డంగా తల ఊపింది. "లేదు" అంది.

విచారణ పరీక్షల బోర్డు ఆఫీసులో, పాత ఫైళ్ళు గోడలెత్తున పేర్చిన ఓ పొడుగాటి గదిలో జరిగింది. బల్లకి అటువైపు ముగ్గురు అధికారులు, మధ్యలో లావు కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ. ఇటువైపు బెంచీలమీద పిల్లలు, వాళ్ళ వెనక పెద్దవాళ్ళు. బోర్డు మాస్టారు ముందువరసలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ట్యుటోరియల్ పిల్లల్ని ఒక్కొక్కర్నీ అడుగుతుంటే, "మాకు తెలీదు మేడమ్" అని చిలకల్లా ఒకటే పాట. పుస్తకాలన్నీ వారంముందే వెనక్కి తీసేసుకుని, నోరు విప్పితే మీ భవిష్యత్తే పోతుందని వాళ్ళని బెదరగొట్టి తెచ్చాడు మాస్టారు.

ఎలుక వంతు వచ్చింది. "ట్యుటోరియల్ పుస్తకంలో చదివాను మేడమ్" అంది.

మాస్టారు లేచాడు. "ఈ అమ్మాయి మా విద్యార్థి కాదండి. నేనెప్పుడూ చూళ్ళేదు. ఇదిగో మా పుస్తకం. గుర్రాలూ గొడుగులూ ఎక్కడున్నాయో మీరే చూడండి." కొత్త అచ్చు వాసన ఇంకా పోని పుస్తకం అది. నిన్నో మొన్నో సరిదిద్ది కొట్టించినట్టుంది.

పెద్దావిడ పేజీలు తిప్పి చూసింది. కళ్ళజోడు తీసింది. "అబద్ధం ఎందుకు చెప్పావమ్మా? రేపు నలభైమంది పిల్లల ముందు నిలబడాలనుకుంటున్నావు నువ్వు. ఎక్కడ చూసి రాశావో చెప్పు. ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

ఎలుక రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, నేలకేసి చూస్తూ నిలబడింది. వెనక్కి తిరిగి పిన్ని వైపు చూస్తే పట్టేస్తారని చూడను కూడా చూడలేదు. చెవులు ఎర్రగా కందిపోయాయి. చిన్నప్పుడు వేరేవాళ్ళు పగలగొట్టిన పలకకి తను దెబ్బలు తిన్నప్పుడు కూడా ఇలాగే నిలబడిందని నోట్సక్కకి గుర్తొచ్చింది.

ఇంక కూర్చోలేకపోయింది. గుడ్డసంచి పట్టుకుని బల్లదగ్గరికి వెళ్ళి, ఐదు పుస్తకాలూ, బాబాయి స్టాంపు వేసిన గులాబీ చీటీలూ దాని మీద కుమ్మరించింది.

"నేను చెప్పమన్నానండి. నేను రాసిన పుస్తకాలివి. ఆ తప్పులు ఐదూ నావే. ఈయన నా నోట్సు దొంగిలిస్తున్నాడని పట్టుకోవడానికి పెట్టాను. నావి కొనుక్కున్నవాళ్ళకి ఈ చీటీ ఇస్తాం, తేదీలున్నాయి చూడండి. మా పిల్ల నా పెట్టెలో ఉన్న అసలు పుస్తకాలు చదివింది. వాటికి చీటీ ఉండదు. దానికి ఈ సంగతే తెలీదు. ఆ యాభైఎనిమిది మందికీ తెలీదు. ఎవరూ ఎవర్నీ చూసి రాయలేదండి."

బోర్డు మాస్టారు దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. ఆ తర్వాత ట్యుటోరియల్ పిల్లల్లో ఒకమ్మాయి సంచిలోంచి తిరిగివ్వకుండా దాచుకున్న పాత పుస్తకం తీసి బల్లమీద పెట్టింది. గుర్రాలూ గొడుగులూ ఉన్నాయి అందులో.

పెద్దావిడ ఆ చీటీల్ని చాలాసేపు చూసింది. "అంటే, తప్పని తెలిసే రాశారు."

"రాశానండి."

"ఆయన్ని పట్టుకోవడానికి."

"అవునండి."

"మరి ఆ తప్పు చదివేది ఆయన కాదు కదమ్మా, పిల్లలు. వాళ్ళని ఏమనుకున్నారు?"

ఐదు సబ్జెక్టుల్లో అడగబోయే ప్రతి ప్రశ్నా ముందే చెప్పగల మనిషి, ఈ ఒక్కదానికి నోరు తెరవలేకపోయింది. ఎలుక అప్పుడు వెనక్కి తిరిగి చూసింది. కోపంగా కాదు. కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

కాపీ జరగలేదని తేల్చారు. మాస్టారి ట్యుటోరియల్‌కి తాళం పడింది. బోర్డులు మాత్రం ఇంకా స్తంభాలకే వేలాడుతున్నాయి, దించే దిక్కులేక. పదిహేను రోజులకి ఫలితాలొచ్చాయి. ఎలుకకి పాసవడానికి మూడు మార్కులు తగ్గాయి.

ఐదు ముళ్ళు, ఐదు మార్కులు. అవి వచ్చుంటే రెండు మార్కులు మిగిలేవి కూడా.

దర్జీ కూతురికి సీటొచ్చింది. పరిగెత్తుకుంటూ వచ్చి నోట్సక్క కాళ్ళకి దండం పెట్టబోయింది. "మీ నోట్సే అక్కా! చీటీలో ఉన్నవన్నీ సరిచేసుకుని చదివాను. ఎలుక ఆ కాపీ ఇవ్వకపోతే నేనేమైపోయేదాన్ని!" అంది. ఎలుక దాన్ని కావలించుకుంది. నవ్వింది కూడా. నోట్సక్క ఆ నవ్వు చూడలేక వంటగదిలోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

షాపుకి ఇంక ఆ నోట్సుకోసం ఎవరూ రాలేదు. వచ్చినవాళ్ళు ఉన్న కాపీలు తిరిగిచ్చేసి పోయారు. "ఇంకా ఎన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు?" అన్నాడు ఒకడు బాబాయి ముందే. ఐదే ఉన్నాయిరా అని బాబాయి వాదించాడు. వాడు నవ్వి వెళ్ళిపోయాడు.

తర్వాతి పరీక్ష రెండేళ్ళకి. ఓ ఆదివారం మధ్యాహ్నం ఎలుక ఐదు పుస్తకాలూ బల్లమీద పేర్చుకుని, పక్కన పాఠ్యపుస్తకాలు తెరుచుకుని కూర్చుంది. చేతిలో పెన్సిలు.

"ఐదేనా పిన్నీ?"

"ఐదేనే. చీటీలో ఉన్నవే. ఇంకొక్కటి కూడా లేదు."

పిల్ల తల ఊపింది. ఊపి, మొదటి పేజీలోనే మొదటి వరస పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. తర్వాత రెండో వరసకి. నోట్సక్క ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉంది. అన్నీ నిజాలే అవి. రాజులు నిజం, యుద్ధాలు నిజం, విత్తనాలూ ధరలూ నిజం. పదిహేనేళ్ళు కళ్ళు మసకబారేలా సరిచూసుకుని రాసినవి. ఆపవే అనలేకపోయింది. ఏ మొహంతో అంటుంది?

పదహారు పేజీలు అయ్యాక పెన్సిలు ఆగింది. పిల్ల తలెత్తలేదు.

"అమ్మ ఆఖరిరోజు అడిగిందని చెప్తావు కదా. నేను అన్నం తిన్నానా అని."

"ఊఁ."

"అది కూడా నువ్వు రాసిందేనా?"

నోట్సక్క బల్లమీదికి వంగింది. "నిజమేనే తల్లీ. నిజంగా అడిగింది. కళ్ళు తెరిచి అడిగింది. నీమీదొట్టే ఎలుకా, ఒక్క అక్షరం కూడా నేను కలపలేదు."

"ఇంకెవరైనా విన్నారా?"

ఆ గది ఆవిడ కళ్ళముందుకొచ్చింది. ఇనపమంచం, తెల్లగోడ, మందుల బల్ల. నర్సు అప్పుడే సూది పడేయడానికి బయటికి వెళ్ళింది. పక్కమంచం ఖాళీ.

"లేదమ్మా" అంది. "నేనొక్కదాన్నే ఉన్నాను."

"సరే పిన్నీ" అంది ఎలుక. పెన్సిలు మొన విరిగిందేమో చూసుకుని, పదిహేడో పేజీ తిప్పింది.